తీగ లాగితే...

గణనయంత్రాన్ని ఒక్కసారైనా విప్పి చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. లోపల ఆలోచించే భాగాలు పట్టే చోటు కొంచెమే. వాటికి తిండి పెట్టే తీగలు పట్టే చోటే ఎక్కువ. పెళ్ళింట్లో వధూవరులకు రెండు పీటలు చాలు. వంటవాళ్ళకు మాత్రం పెరడంతా కావాలి. అయినా పెళ్ళి చూసి వచ్చినవాళ్ళు వధూవరుల గురించి చెప్పుకుంటారు గాని గాడిపొయ్యి గురించి ఎవరూ మాట్లాడరు, వంట చెడితే తప్ప.

ఈ రోజు ఆ గాడిపొయ్యి గురించి రాద్దామని కూర్చున్నాను. గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు తీగలు కలపడం ఎలాగన్నది విషయం. "ఇదీ ఒక విషయమేనా?" అని మీరు అడగవచ్చు. మొదట నాకూ ఆ సందేహం కలిగింది. కానీ ఆ తీగల వెనక నేను పన్నెండేళ్ళుగా దాచుకున్న మాట ఒకటి ఉంది. అది చెప్పాలంటే ముందు తీగల సంగతి చెప్పక తప్పదు.

2025 దసరా సెలవులకు రాజమండ్రిలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మా మేనకోడలు ఆర్కిటెక్చరు చివరి సంవత్సరం చదువుతోంది. తాను గీసిన కట్టడాన్ని, దాని మీద పడే ఎండతో సహా, నిజంగా కట్టి ఫోటో తీసినట్టు చూపించడం వాళ్ళ చదువులో ఒక భాగం. ఆ చాకిరీ అంతా గ్రాఫిక్స్ కార్డుది. ఇంట్లో ఉన్న పాత కార్డుకు ఒక్క చిత్రానికి ఒక రాత్రి పడుతోందట. ఇంటర్న్‌షిప్పులో వచ్చిన డబ్బు దాచుకుని, ఎవరో వాడి అమ్ముకున్న ఆర్‌టీఎక్స్ 3080 కార్డు కొనుక్కుంది. 2020లో విడుదలైన రకం అది. ఉన్న 550 వాట్ల ఎస్సెంపీయెస్ దానికి చాలదని 850 వాట్లది కొత్తది కూడా తెప్పించింది. రెండు పెట్టెల్నీ విప్పకుండా నా కోసం అట్టేపెట్టి ఉంచింది.

మా బంధువర్గంలో కంప్యూటరు విషయాలలో నా మాట వేదవాక్కు. ఆ పేరు నాకు ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక దాన్ని నిలబెట్టుకోవడానికి నేను చేసిన పనుల్లో ఒకదాని గురించే ఈ కథ.

ఆయుధపూజ నాడు మా అక్క నా స్క్రూడ్రైవరుకు కూడా బొట్టు పెట్టింది. మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాం.

ముందు లెక్క. ఆ కార్డు నిండుగా పనిచేసేటప్పుడు 320 వాట్లు తింటుంది. పాతరకం సీలింగు ఫ్యాన్లు నాలుగు తిరగడానికి కావలసినంత. మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే గాడి 75 వాట్ల వరకే ఇవ్వగలదు. మిగిలినది ఎస్సెంపీయెస్ నుంచి వచ్చే తీగలు మొయ్యాలి. ఆరు పిన్నుల ప్లగ్గుకు 75 వాట్లు, ఎనిమిది పిన్నుల ప్లగ్గుకు 150 వాట్లు అని ప్రమాణం. మా కార్డుకు ఎనిమిది పిన్నుల సాకెట్లు రెండు. 75, 150, 150 కలిపితే 375. లెక్క సరిపోయింది.

అయితే చూడవలసింది వాట్లనొక్కటే కాదు, ఆంపియర్లను కూడా. గోడ ప్లగ్గు దగ్గర 230 వోల్టులు కాబట్టి 320 వాట్లంటే ఒకటిన్నర ఆంపియరైనా కాదు. అదే 320 వాట్లు కార్డు దగ్గర 12 వోల్టులలో చేరాలంటే దాదాపు 27 ఆంపియర్లు పారాలి. గీజరుకు పెట్టే పెద్ద ప్లగ్గే 16 ఆంపియర్లది. 12 వోల్టులు మనిషిని షాకు కొట్టవు గనుక వాటిని చూస్తే మనకు భయం ఉండదు. కానీ నిప్పు రాజేయడానికి కావలసింది మనిషిని భయపెట్టే వోల్టులే కానక్కర్లేదు. తీగలో పుట్టే వేడి అందులో పారే కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జూల్ 1841లోనే ప్రకటించాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. ఆ వేడి ఎక్కువగా పుట్టేది తీగ పొడుగునా కాదు, లోహం లోహాన్ని సరిగ్గా తాకని చోట, అంటే వదులుగా దిగిన పిన్ను దగ్గర.

ఈ లెక్క తెలిస్తే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కొన్ని తీగలకు చివర రెండు ప్లగ్గులు ఒకదాని వెనక ఒకటి వేలాడుతూ ఉంటాయి. రెండు సాకెట్లనూ ఆ ఒక్క తీగతోనే నింపితే, రెండు తీగలు పంచుకోవలసిన బరువు ఒక్కదాని మీద పడుతుంది. చిన్న కార్డయితే ఫరవాలేదు. 320 వాట్ల కార్డుకు మాత్రం ఎస్సెంపీయెస్ నుంచి రెండు వేరువేరు తీగలు తెచ్చుకోవడం మంచిది. హార్డు డిస్కుకు పెట్టే సాటా ప్లగ్గును ఆరు పిన్నుల ప్లగ్గుగా మార్చే చవక ముక్కలు బజారులో దొరుకుతాయి. ఆ సాటా ప్లగ్గులో 12 వోల్టుల పిన్నులు మూడే. ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియరుకు. వెరసి 54 వాట్లు. దానితో 75 వాట్లు మోయించడం నలుగురెక్కే పడవలో ఆరుగురిని ఎక్కించడం లాంటిది. గాలి లేని రోజు దాటవచ్చు.

కంప్యూటరు ఆపి, గోడ దగ్గర స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడబీకాం. ఆన్ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు ఖాళీ అవుతుంది. మేనకోడలు కార్డును ముట్టుకునే ముందు క్యాబినెట్టు లోహాన్ని ఒకసారి తాకింది, ఒంటి మీద చేరిన స్థిరవిద్యుత్తు దిగిపోవడానికి. నేను చెప్పకుండానే తాకింది. ఎస్సెంపీయెస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకూడదని నేను చెప్పాను. గోడలోంచి వచ్చే 230 వోల్టులు ఏకముఖ ప్రవాహంగా మారేసరికి 325 వోల్టులకు పైన ఉంటాయి. ప్లగ్గు పీకినా ఆ వోల్టులను కెపాసిటర్లు కొంతసేపు దాచుకుంటాయి.

ఇక అసలు పని. పాత ఎస్సెంపీయెస్ తీగలు మదర్‌బోర్డు వెనక నుంచి చక్కగా అల్లి, ముడులు వేసి ఉన్నాయి. ఆ అల్లిక నా చేతిదే. అవి డబ్బా నుంచి ఊడదీసి మళ్ళీ తగిలించుకోగల రకం. కొత్త డబ్బా కూడా అలాంటిదే. సాకెట్లు చూడడానికి ఒకేలా ఉన్నాయి. కొత్త తీగలన్నీ మొదటి నుంచి అల్లాలంటే గంట పని. పాత తీగలను అలాగే ఉంచి, ఈ చివర కొత్త డబ్బాలో గుచ్చేస్తే అయిదు నిమిషాలు. అలవాటుగా నా చెయ్యి పాత ప్లగ్గు మీదికి పోయింది. కొత్త డబ్బా సాకెట్టు దగ్గరికి తెచ్చాను కూడా.

"ఈ తీగలు ఈ డబ్బావేనా మావయ్యా?" అంది.

మామూలు ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబు ఉండవలసింది. ఎందుకంటే ఆ తప్పు ఏమిటో, దాని ఖరీదెంతో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. తెలిసీ నా చెయ్యి అటే పోయింది. తప్పును దాచిపెట్టినవాడికి దాని పాఠం మిగలదని ఆ క్షణాన అర్థమైంది. ఎవరితోనూ చెప్పని తప్పు మనకు కూడా గట్టిగా గుర్తుండదు.

"చూద్దాం" అన్నాను. మల్టీమీటరు తెమ్మన్నాను.

కార్డు వైపు చివరలో పిన్నుల వరస అందరికీ ఒకటే, అది ప్రమాణం. క్లిప్పు ఉన్న వైపు వరస నేలతీగలు, అవతలి వరసలో మూడు 12 వోల్టులవి. ఎస్సెంపీయెస్ వైపు చివరకు అలాంటి ప్రమాణం లేదు. తయారీదారులు తమకు తోచిన వరసలో పెట్టుకుంటారు. ఒకే తయారీదారు రెండు నమూనాలకు రెండు వరసలు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ప్లగ్గు ఆకారం ఒకటే గనుక ఒకదాని తీగ ఇంకొకదానిలో సుబ్బరంగా దిగుతుంది. దిగడం వేరు, కుదరడం వేరు.

మీటరును కూతపెట్టే అమరికలో ఉంచి, కొత్త తీగకు కార్డు వైపు 12 వోల్టుల పిన్ను మీద ఒక ముల్లు పెట్టాను. మేనకోడలు రెండో ముల్లుతో అవతలి చివర ఒక్కొక్క రంధ్రమే వెతికింది. క్లిప్పు వైపు వరసలో కూసింది. తరవాత పాత తీగకు అలాగే చేశాం. క్లిప్పు వైపు వరస అంతా మౌనం. ఎదురు వరసలో కూసింది.

ఆ పాత తీగను కొత్త డబ్బాలో గుచ్చి ఉంటే, నేలకు పోవలసిన పిన్నులలోకి 12 వోల్టులు వచ్చేవి. కార్డు నేల, కంప్యూటరు నేల ఒకటే గనుక అది నేరుగా షార్టు. మంచి ఎస్సెంపీయెస్ అయితే తక్షణం ఆగిపోయి తననూ కార్డునూ కాపాడుతుంది. కాపాడకపోతే అమ్మాయి ఆర్నెల్ల కష్టం పొగ.

"షార్టయితే డబ్బాకి తెలుస్తుంది కదా, మరి హార్డు డిస్కు తీగ తప్పుగా పెడితే?" అంది. తెలివైన పిల్ల.

అప్పుడు చెప్పాను. డిస్కుకు 5 వోల్టులు వెళ్ళవలసిన చోటికి 12 వోల్టులు వెళ్ళవచ్చు. డబ్బా దృష్టిలో అది తప్పే కాదు; అడిగినచోటికి కరెంటు పంపుతోంది, అంతే. చచ్చేది డిస్కు. 2013లో ఇదే ఇంట్లో, ఇదే గదిలో, నేను సరిగ్గా అదే చేశానని చెప్పాను.

కాసేపు మీటరు ముళ్ళతో ఆడుకుంది. "నాన్నకి తెలుసా?" అని అడిగింది.

తెలియదన్నాను. ఇంకేమీ అడగలేదు. పాత తీగల ముడులు ఒక్కొక్కటే కత్తిరించడం మొదలుపెట్టింది.

కొత్త తీగలు అల్లడానికి గంటన్నర పట్టింది. ఇక్కడ ఇంకొక చిక్కు. ప్రాసెసరుకు వెళ్ళే ప్లగ్గుకూ పిన్నులు ఎనిమిదే. చూపుకు కవలపిల్లల్లా ఉంటాయి. కానీ ప్రాసెసరు ప్లగ్గు నాలుగూ నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ ప్లగ్గు ఆరూ రెండుగా విడిపోతుంది. లోపల వరస తలకిందులు: ప్రాసెసరు ప్లగ్గులో క్లిప్పు వైపు ఉండేది 12 వోల్టులు. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్కు ఆకారాలు వేరుగా చేశారు గనుక మామూలుగా ఒకదానిలో ఒకటి దిగవు. బలవంతం చేస్తే దిగవచ్చు. అందుచేత సూత్రం ఒక్కటే: ఏ ప్లగ్గుకైనా బొటనవేలి బలం చాలాలి. అంతకు మించి అడిగితే ఆగి, దాని మీద ఏం అచ్చు వేసి ఉందో చదవాలి. తీరా దిగాక, క్లిప్పు టక్కుమని పడ్డదాకా నొక్కాలి, తరవాత మెల్లగా వెనక్కి లాగి చూడాలి.

ఆ టక్కుమనే చప్పుడు విలువ ప్రపంచానికి 2022 అక్టోబరులో తెలిసివచ్చింది. ఆ నెల వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 కార్డుకు ఎనిమిది పిన్నుల ప్లగ్గుల బదులు పన్నెండు కరెంటు పిన్నులు, నాలుగు సంకేతపు పిన్నులు ఉన్న ఒకే చిన్న ప్లగ్గు పెట్టారు. అది 600 వాట్ల దాకా మొయ్యాలి. కొద్ది రోజులకే కరిగిన ప్లగ్గుల ఫోటోలు బయటికి వచ్చాయి. పూర్తిగా లోపలికి దిగని ప్లగ్గులు ఒక ముఖ్య కారణమని పరీక్షించినవారు తేల్చారు. లెక్క చూడండి. పాత ఎనిమిది పిన్నుల ప్లగ్గులో 150 వాట్లకు మూడు పిన్నులు, పిన్నుకు నాలుగు ఆంపియర్ల పైచిలుకు. కొత్త ప్లగ్గులో 600 వాట్లకు ఆరు పిన్నులు, పిన్నుకు 8.3 ఆంపియర్లు, దాని హద్దు 9.5. పాతదానికి పొరపాటును క్షమించే చోటు ఉంది. కొత్తదానికి ఆ చోటు బహు తక్కువ. 2023లో ప్లగ్గును సవరించారు. సంకేతపు పిన్నులను పొట్టిగా చేసి, ప్లగ్గు పూర్తిగా దిగకపోతే కార్డు కరెంటు లాగకుండా చూశారు. అయినా 2025 ఆరంభంలో 575 వాట్ల 5090 వచ్చాక అలాంటి ఫోటోలు మళ్ళీ కనిపించాయి. ఆ రకం కార్డు ఉన్నవారు ప్లగ్గుకు మూడున్నర సెంటీమీటర్ల లోపు తీగను వంచకుండా ఉండడం, సందు కనబడకుండా దిగిందో లేదో దీపం వేసి చూడడం మంచిది.

మాది పాత రకం ప్లగ్గు. రెండు టక్కులూ వినబడ్డాయి. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది. రాత్రంతా పట్టే చిత్రం కాఫీ తాగి వచ్చేలోపు సిద్ధమైంది. గోదావరి ఒడ్డున ఒక గ్రంథాలయం, దాని మెట్ల మీద సాయంత్రపు ఎండ. మా అక్క చూసి, "ఇదెక్కడ కట్టారే?" అంది.

ఇప్పుడు ఆ 2013 సంగతి.

అప్పుడూ ఇలాగే ఎస్సెంపీయెస్ పాడై, నేను కొత్తది తెచ్చి, పాత తీగలను అలాగే ఉంచి బిగించాను. మీట నొక్కగానే చిన్న చిటుక్కు, ఒక వాసన, యంత్రం ఆగిపోయింది. అరగంటలో నాకు సంగతి తెలిసిపోయింది. ఎవరూ చూడకుండా సరైన తీగలు మార్చాను. డిస్కు లేవలేదు. బావగారు వచ్చి ఏమైందని అడిగితే, "కరెంటు హెచ్చుతగ్గులండీ, డిస్కు పోయింది" అన్నాను. మన ఊళ్ళలో ఆ మాటను అనుమానించేవారుండరు. పాపం, ఆయన మరుసటి వారమే స్టెబిలైజరు కొన్నారు. నేను బిగించిన ఎస్సెంపీయెస్ 100 నుంచి 240 వోల్టుల దాకా దేనినైనా తట్టుకోగలదు. దానికి స్టెబిలైజరు అవసరమే లేదు. ఆ మాట చెబితే అసలు మాట బయటపడుతుంది. ఊరుకున్నాను.

ఆ డిస్కులో 2009 నాటి గృహప్రవేశం ఫోటోలు ఉన్నాయి. బావగారి తల్లిగారు కొత్త పొయ్యి మీద పాలు పొంగిస్తున్న ఫోటోలు. ఆవిడ 2011లో పోయారు. కాగితం మీద వేయించినవి మూడో నాలుగో, అవీ మూకుమ్మడివి.

కథ అక్కడితో ముగిస్తే నాది పొరపాటూ, పిరికితనమూ మాత్రమే. 2017లో ఇంకేదో వెతుకుతూ ఒక సంగతి చదివాను. హార్డు డిస్కు పలక మీద కరెంటు వచ్చే దారిలో చిన్న కాపలా డయోడ్లు ఉంటాయి. వోల్టు హద్దు దాటితే అవి తామే షార్టై, ప్రాణమిచ్చి, మిగిలిన పలకను కాపాడతాయి. పని తెలిసినవాడు ఆ డయోడును తీసేస్తే చాలాసార్లు డిస్కు మళ్ళీ లేస్తుంది. పలక కాలినా, దాన్ని మార్చి దస్త్రాలు రాబట్టేవాళ్ళు ఉన్నారు. లోపలి పళ్ళేల మీద రాసినదానికి చాలావరకు ఏమీ కాదు.

ఆ రోజే అక్కకు ఫోను చేసి, మాటల మధ్య అడిగినట్టు, పాత డిస్కు ఉందా అన్నాను. "కిందటేడు పాత సామాన్లవాడికి వేసేశాం, నువ్వే పోయిందన్నావుగా?" అంది. తీగ తప్పుగా పెట్టడం వల్ల ఆ ఫోటోలు పోలేదు. నేను చెప్పిన అబద్ధం వల్ల పోయాయి. నిజం చెప్పి ఉంటే ఎవరికైనా చూపించేవారు. హెచ్చుతగ్గుల్లో పోయిన దానిని ఎవరు చూపిస్తారు? ఆ తరవాత కూడా ఎనిమిదేళ్ళు మాట్లాడలేదు.

ఆ సాయంత్రం డాబా మీద బావగారితో అంతా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నారు. డయోడు సంగతి మాత్రం రెండుసార్లు అడిగారు.

"అంటే ఆ డిస్కు మనింట్లో ఉన్న మూడేళ్ళూ అమ్మ ఫోటోలు అందులో ఉన్నాయన్నమాట."

"ఉండే ఉంటాయండి."

"ఊఁ" అన్నారు. ఇంకేమీ అనలేదు. కాసేపు కూర్చుని కిందికి దిగి వెళ్ళారు. కోప్పడతారని సిద్ధపడి వెళ్ళినవాడికి ఆ ఊకొట్టడం బరువుగా ఉంటుంది. రాత్రి భోజనాల దగ్గర, మజ్జిగన్నం కలుపుకుంటూ, "అయితే ఆ స్టెబిలైజరు తీసెయ్యొచ్చా?" అని అడిగారు. తీసెయ్యొచ్చన్నాను. ఆయన ముఖంలో ఏముందో నేను తలెత్తి చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మేనకోడలు పాత తీగలన్నీ ఒక సంచిలో వేసి, చీటీ కట్టి నాకిచ్చింది. "ఇవి పాత 550 డబ్బావి. వేరే దేనికీ వాడకూడదు" అని దాని మీద రాసి ఉంది. ఆ సంచి ఇప్పుడు నా బల్ల పక్కనే ఉంది.

మీ ఇంట్లోనూ అటక మీద ఒక అట్టపెట్టె, అందులో ఏ డబ్బావో తెలియని తీగలూ ఉండే ఉంటాయి. ఈ ఆదివారం దింపి, తెలిసినవాటికి చీటీ కట్టండి. తెలియనివాటిని గుచ్చవద్దు. చనిపోయిందని ఎవరైనా చెప్పిన డిస్కు ఆ పెట్టెలో ఉంటే, పని తెలిసినవారికి ఒకసారి చూపించి గాని పారెయ్యకండి.